నగదు ఇవ్వాలా, ఇంటికి మనిషిని పంపాలా? వృద్ధుల సంరక్షణలో ఏది మేలు

సొంత ఇంట్లోనే ఉండాలనుకునే వృద్ధులకు ప్రభుత్వం రెండు రకాలుగా తోడ్పడవచ్చు. చూసుకునే కుటుంబానికి నగదు ఇవ్వొచ్చు, లేదా శిక్షణ పొందిన సహాయకుల్ని పంపొచ్చు. జర్మనీ 1995లో మొదలుపెట్టిన సంరక్షణ బీమాలో రెండూ ఉన్నాయి. జపాన్ 2000 ఏప్రిల్‌లో తెచ్చిన బీమా ప్రధానంగా సేవలే ఇస్తుంది.

జర్మనీలో అవసరాన్ని బట్టి ఐదు స్థాయిలు. 2025 లెక్క ప్రకారం మూడో స్థాయి వ్యక్తిని ఇంట్లోవాళ్లే చూసుకుంటే నెలకు 599 యూరోలు వస్తాయి. సంస్థ నుంచి మనిషి వస్తే 1,497 యూరోల దాకా సేవ అందుతుంది. నగదు అందులో సగం కూడా లేకున్నా చాలా కుటుంబాలు దాన్నే కోరుకుంటాయి. తెలిసిన చేయి, తమకు వీలైన వేళ. చిక్కల్లా ఆ డబ్బు ఇంటిఖర్చులో కలిసిపోవడం, చూసుకునే మనిషికి విడుపు దొరకకపోవడం. అందుకే ఈ స్థాయిలో ఆరునెలలకోసారి నిపుణుల సలహా సందర్శన తప్పనిసరి చేశారు. దాన్ని ఎగ్గొడితే నగదులో కోత పడుతుంది. వారానికి కనీసం 10 గంటలు, రెండు రోజులైనా చూసుకుంటూ, ఉద్యోగం 30 గంటలు మించనివారికి పింఛను చందా కూడా కడతారు. ఇది లేని నగదు పథకం ఇంటి ఆడవాళ్ల భవిష్యత్తును తినేస్తుంది.

జపాన్‌లో సరిగ్గా ఈ భయమే నగదును అడ్డుకుంది: డబ్బిస్తే కోడళ్లు ఇంటికే కట్టుబడిపోతారని మహిళా సంఘాలు వాదించాయి. అక్కడ 74 అంశాల సర్వే, వైద్యుడి అభిప్రాయం చూసి ఏడు స్థాయిల్లో ఒకటి ఖాయం చేస్తారు. కేర్ మేనేజర్ నెలవారీ ప్రణాళిక వేస్తారు. ఖర్చులో మామూలుగా 10 శాతం, ఆదాయం ఎక్కువుంటే 20 లేదా 30 శాతం వాడుకునేవారిది. స్థాయిని బట్టి ఉండే నెలవారీ పరిమితి దాటిందంతా సొంత జేబులోంచే. డే సర్వీస్ దీని ప్రాణం: వ్యాన్‌లో తీసుకెళ్లి, స్నానం, భోజనం, వ్యాయామం అయ్యాక తిరిగి దింపుతారు. ఆ కొన్ని గంటలు కుటుంబానికి నిజమైన ఊరట. లోపం సిబ్బంది కొరత. మనుషులు దొరకకపోతే ప్రణాళిక కాగితం మీదే ఉంటుంది.

అవసరం తక్కువై, చూసుకునేవారు ఓపికగా ఉంటే నగదు చాలు. మతిమరుపు వ్యాధి ముదిరినా, రాత్రుళ్లు పక్క మార్చాల్సి వచ్చినా, చూసుకునేవారే వయసు మళ్లినా సేవలే మేలు. జర్మనీలోని మిశ్రమ పద్ధతి మాకు అన్నిటికన్నా నచ్చుతుంది: సేవల్లో 60 శాతం వాడుకుంటే నగదులో 40 శాతం వస్తుంది. ఎంచుకున్న నిష్పత్తికి 6 నెలలు కట్టుబడాలి, పరిస్థితి బాగా మారితే తప్ప. తుంటి ఎముక విరిగినప్పుడు కుటుంబం వెంటనే అడగాల్సింది ఈ మార్పునే, దాంతోపాటు స్థాయి పునఃపరిశీలననూ.