మారుతి 800: ఇంజిన్ సంగతి తర్వాత, ముందు రేకు చూడండి

1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అయినా శుభ్రంగా ఉన్న బండి అమ్మకానికి వస్తే ఇప్పటికీ కొనేవాళ్లుంటారు. బరువు 650 కిలోల దరిదాపు, పొడవు 3.3 మీటర్లు. ఇంత తేలికైన బండికి 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్ చక్కగా సరిపోయింది. ఇరుకు సందులో తిప్పుకోవడానికి దీనంత వీలైన కారు ఈరోజుకీ అరుదే.

అసలు బలం బానెట్ ఎత్తితే తెలుస్తుంది. స్పార్క్ ప్లగ్గులు, పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే కార్బురేటర్, బెల్టు, క్లచ్ కేబుల్ అన్నీ చేతికందుతాయి. కార్బురేటర్ బండికి కంప్యూటర్ పెట్టి చూడాల్సిన పని లేదు, మూడు ప్లగ్గులు విప్పితే ఇంజిన్ ఆరోగ్యం తెలిసిపోతుంది. లేత గోధుమ రంగులో ఉంటే మంట సరిగ్గా ఉంది. పొడిమసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. ఆయిల్ తడి కనిపిస్తే పిస్టన్ రింగులైనా, వాల్వ్ సీళ్లయినా అరిగాయి. ఆ రిపేరు తెలిసిన మెకానిక్కులు ఇంకా ఉన్నారు కాబట్టి దానికి భయపడక్కర్లేదు.

భయపడాల్సింది తుప్పుకే. ఈ బండికి విడిగా ఛాసిస్ లేదు, రేకే దాని ఎముకల గూడు. డ్రైవరు కాళ్ల దగ్గర మ్యాట్ పూర్తిగా ఎత్తి, స్క్రూడ్రైవర్ పిడితో ఫ్లోర్ మీద కొట్టి చూడండి. మంచి రేకు ఖంగుమంటుంది, పుచ్చిన చోట మొద్దుగా మోగుతుంది. మ్యాట్ కింద తడి ఉంటే అద్దం రబ్బరులోంచో, డోర్‌లోంచో నీళ్లు దిగుతున్నట్టే. డోర్ల అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మట్టితో మూసుకుపోతే తుప్పు లోపలి నుంచి తినేస్తుంది. బ్యాటరీ కింది పళ్లెం, ముందు సస్పెన్షన్ బిగించే చోటు, డిక్కీ మ్యాట్ అడుగు కూడా వదలొద్దు. కొత్తగా పెయింటు వేసిన బండైతే పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతం ఆనించండి. పట్టుకోని చోట రేకు బదులు పుట్టీ ఉంది. డోర్ అడుగున చిన్న అతుకు టింకరింగ్‌తో సరిపోతుంది, సస్పెన్షన్ చోటు పోయిన బండిని మాత్రం ఎంత చౌకకిచ్చినా తీసుకోవద్దు.

కార్బురేటర్ బండి ఐడ్లింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఉంచితే, ఆగిపోతుంటే చాలామంది స్క్రూ తిప్పి ఆర్‌పీఎం పెంచేస్తారు. అది జబ్బును దాచడమే. ముందు పగిలిన వ్యాక్యూమ్ పైపు కోసం వెతకాలి, తర్వాత కార్బురేటర్‌లో ఐడ్లింగ్‌కి పెట్రోలు అందించే సన్నటి రంధ్రం, స్లో జెట్, విప్పి గాలి కొట్టాలి. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు పైపుల్ని మెత్తబరుస్తుంది, పగుళ్లు తెస్తుంది. కొన్న వెంటనే అవన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చేయండి, పెట్రోలు ఫిల్టరుతో సహా. 2000 ప్రాంతంలో వచ్చిన ఎంపీఎఫ్‌ఐ (ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే) మోడల్‌కి కార్బురేటర్ గొడవ ఉండదు. రోజూ వాడేవాళ్లకు అదే మేలు.

ఇంజిన్ పైభాగమైన హెడ్ అల్యూమినియం కాబట్టి ఒక్కసారి బాగా వేడెక్కినా వంగిపోవచ్చు. బండిని నిలబెట్టి ఇంజిన్ నడవనిచ్చి, వేడి ముల్లు సగం దాటేలోగా రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతుందో లేదో చూడండి. ఆయిల్ మూత లోపల పాలమీగడలాంటి తెల్లటి జిగురు మందంగా ఉంటే హెడ్ కింద ఉండే సీలు, హెడ్ గ్యాస్కెట్, మీద అనుమానం పెట్టుకోవాలి. రేడియేటర్‌లో ఉత్త నీళ్లు పోస్తే లోపల తుప్పు చేరి దారులు మూసుకుపోతాయి, కూలెంటే పోయాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా గుండ్రంగా నడిపితే టకటకమందంటే ముందు చక్రాన్ని తిప్పే యాక్సిల్ జాయింట్ పోయింది. దాని మీది రబ్బరు తొడుగు (బూట్) చిరిగిన రోజే మార్చుంటే జాయింట్ బతికేది.

లోటు లేకపోలేదు. ఎయిర్‌బ్యాగులు లేవు, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు, డోర్లు పల్చన. నాలుగు గేర్ల మోడల్ ఎనభై దాటితే ఇంజిన్ అరుస్తుంది, ఏసీ వేసి ఎత్తు ఎక్కితే పికప్ పడిపోతుంది. ఇది ఊళ్లో తిరిగే బండి, హైవే మీద రోజూ పరిగెత్తించేది కాదు.

డబ్బు చేతికిచ్చే ముందు ఆర్‌సీ గడువు చూడండి. పదిహేనేళ్లు దాటాక ఫిట్‌నెస్ చేయించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేసుకోవాలి. బాడీ మీద కొట్టిన ఛాసిస్ నంబరును ఆర్‌సీలోని నంబరుతో ఒక్కో అంకె పోల్చండి. అక్కడ తుప్పు పట్టి అంకెలు చెరిగిపోతే రవాణా ఆఫీసులో పని ఆగిపోతుంది.