35 యూరోల పాత డెల్ఫ్ట్ టైల్ – కొనొచ్చా?

నెదర్లాండ్స్‌కి వచ్చిన కొత్తలో ఒక సావనీర్ షాపులో "డెల్ఫ్ట్ బ్లూ" అని రాసున్న టైల్ 8 యూరోలకి కొన్నాను. డెల్ఫ్ట్ అంటే తెలుపు మీద నీలం బొమ్మల మట్టి సామానుకి పేరుపడ్డ ఇక్కడి ఊరు. దాని మీద రోజూ వేడి టీ కప్పు పెడుతుంటే ఆరు నెలలకి గాలిమర రెక్క ఊడొచ్చింది, చూస్తే స్టిక్కరు. ఆ ఉక్రోషంతోనే ఈసారి పాత సామాన్లమ్మే చిన్న కొట్టుకెళ్ళి, 18వ శతాబ్దం నాటిదని చెప్పిన టైల్ ఒకటి 35 యూరోలు పెట్టి తెచ్చుకున్నా.

అటూ ఇటూ 13 సెంటీమీటర్లు. మధ్యలో గాలం వేస్తున్న మనిషి, నా చిటికెన వేలంత కూడా లేడు. నాలుగు మూలల్లో సాలీడు కాళ్ళలాంటి గీతలు, వాటిని ఇక్కడ సాలీడు మూలలనే అంటారు. ఒక అంచు పెచ్చు లేచింది, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే, ఎందుకంటే లోపల పసుపుపచ్చటి మట్టి కనిపిస్తుంది. ఇది పింగాణీ కాదు, ఉత్త మట్టి. సీసం పూతలో తగరం ఆక్సైడ్ కలిపి కాలిస్తే ఆ పూత గాజులా కాకుండా తెల్లటి ముసుగులా మట్టిని కప్పేస్తుంది, గుట్టంతా అక్కడే ఉంది.

ఈ విద్య డచ్చివాళ్ళది కూడా కాదు. 9వ శతాబ్దంలో ఇరాక్ కుమ్మరులు చైనా తెల్ల సామాను చూసి దానిలా చేయబోయి పట్టుకున్నది, స్పెయిన్, ఇటలీ మీదుగా 1500ల మొదట్లో ఇప్పటి బెల్జియంలో ఉన్న ఆంట్‌వెర్ప్ చేరింది. 1585లో ఆ ఊరు స్పెయిన్ సైన్యం చేతికి చిక్కాక పనివాళ్ళు చాలామంది ఉత్తరానికి, అంటే ఇప్పటి నెదర్లాండ్స్‌కి వలసపోయారు. తర్వాత ఓడల్లో చైనా పింగాణీ దిగింది, జనం ఎగబడ్డారు, 1640ల్లో చైనాని ఏలుతున్న మింగ్ వంశం కూలి ఆ సరుకు తగ్గిపోయేసరికి డెల్ఫ్ట్ కుమ్మరులకి పండగే. బీరు వ్యాపారం పడిపోయి ఊళ్ళో ఖాళీగా ఉన్న కట్టడాల్లోకి వీళ్ళు దిగిపోయారు.

అన్నట్టు నా టైల్ డెల్ఫ్ట్‌ది కాకపోవచ్చు! టైల్స్ ఎక్కువగా చేసింది రోటర్‌డామ్, ఉట్రెక్ట్, హార్లింగెన్ లాంటి ఊళ్ళలో. సొమ్మొకడిది, సోకొకడిది. ఈ మాట కొట్టాయనే చెప్పాడు, లేకపోతే నాకేం తెలుసు.

ఇంటికొచ్చి కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టుకు చూస్తే మూలల్లో రెండు సన్నటి చిల్లులు. డ్యామేజీ పీసు అంటగట్టాడనుకుని కాసేపు టెన్షన్ పడ్డా. అవి మేకుల గుర్తులట, పచ్చి పలక మీద చెక్క అచ్చు జారకుండా దానికి చిన్న మేకులు దిగ్గొట్టి చుట్టూ కోసేవాళ్ళు. బొమ్మ వేసే పద్ధతి మాత్రం మన మగ్గం వర్క్ వాళ్ళు చేసేదే: కాగితానికి సూదితో చిల్లులు పొడిచి, పైన పొడి అద్దితే కింద చుక్కలు పడతాయి, ఇక్కడది బొగ్గుపొడి. ఆ చుక్కల వెంట కోబాల్ట్ నీలిరంగుతో గీయాలి, కాల్చని పూత రంగుని అక్కడికక్కడే పీల్చేస్తుంది కాబట్టి తుడిచి దిద్దుకోవడం కుదరదు. నా గాలం దారం మధ్యలో ఒకచోట లావైంది, అక్కడ బొమ్మ గీసినాయన చెయ్యి ఆగినట్టుంది.

లోపాలు: పూత సున్నితం, తగిలితే పెచ్చు లేస్తుంది. 1760ల నుంచి ఇంగ్లండ్‌లో వెజ్‌వుడ్ అనే కుమ్మరి చేసిన గట్టి మీగడరంగు సామాను ముందు డెల్ఫ్ట్ నిలవలేకపోవడానికి ఇదీ ఒక కారణం. ముప్పైకి పైగా ఉన్న కార్ఖానాల్లో మిగిలింది 1653లో మొదలైన ఒక్కటే, ఇప్పటి రాయల్ డెల్ఫ్ట్. దాని మ్యూజియం బాగుంటుంది, కానీ 1876 తర్వాత వాళ్ళు తెల్లమట్టికి, పారదర్శకమైన పూతకి మారారు, కాబట్టి తగరం పూతే కావాలంటే పాతవి వెతుక్కోవడం మేలు.

కొట్టాయన ప్యాకింగ్ ఘోరం, రెండు చుట్లు న్యూస్‌పేపరు అంతే, రైల్లో ఒళ్ళో పెట్టుకునే తెచ్చా. ఒక స్టార్ కట్, నాలుగిస్తున్నా. టీ కప్పు మాత్రం దీని మీద పెట్టనివ్వను, దానికి రెక్కలేని గాలిమర ఉందిగా.