కొత్త సిస్టర్ని బరంపురం పంపాలా, మన దగ్గరే జత కట్టాలా: ఏది మేలు?

కొత్త పిల్లలు డ్యూటీలో చేరే రోజులొస్తే రాయగడ, గుణుపురం, ఇటు పాతపట్నం నుంచి కూడా ఇన్‌ఛార్జి సిస్టర్లు ఒకటే మాట అడుగుతున్నారు. జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) ముగించి వచ్చిన అమ్మాయిని ముందు నెల రోజులు బరంపురం మెడికల్ కాలేజీకి పంపడం మంచిదా, మన వార్డులోనే సీనియర్ పక్కన పెట్టుకోవడం మంచిదా అని. పర్లాకిమిడి దాటాక కొండల అంచున ఉన్న మా చిన్న ఆసుపత్రిలో నిరుడు మొదటిది చేశాం, ఈ ఏడు రెండోది చేశాం.

బరంపురంలో ఉన్న బలం కేసులు. గంజాం, గజపతి, కంధమాల్ జిల్లాల్లో చేయి దాటిన కేసు చాలావరకు అక్కడికే చేరుతుంది. మా లేబర్ రూమ్‌కి ఎప్పుడో గాని రాని గుర్రపువాతం (గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ రావడం) అక్కడ నెలలోనే కళ్లారా చూడొచ్చు. ఆ చూపు మేం ఇవ్వలేం. అయితే అక్కడ పీజీలు, హౌస్‌సర్జన్లు, నర్సింగ్ విద్యార్థులు మంచం చుట్టూ ఉంటారు. మన పిల్ల వంతుకు ట్రే పట్టుకోవడమే మిగులుతుంది.

నా మట్టుకు తేల్చేది ఒక్కటే. రాత్రి రెండు గంటలకి ఆ పిల్ల ఎవర్ని లేపగలదు?

నిరుడు వానాకాలంలో గుమ్మ వైపు కొండ మీంచి ఒక సవర అమ్మాయిని తెచ్చారు. తొలి కాన్పు, దారిలోనే రెండుసార్లు ఫిట్స్. డ్యూటీలో ఉన్నది బరంపురంలో నెల రోజులు ఉండి వచ్చిన కొత్త సిస్టర్, ఆమెకి తోడు ఒక ఆయా. ఆ ఫిట్స్‌కి ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ మోతాదు ఆ పిల్లకి కంఠతా వచ్చు: నరంలోకి నాలుగు గ్రాములు మెల్లగా, రెండు పిరుదుల్లో ఐదేసి గ్రాములు. మా దగ్గర దొరికే 50 శాతం మందులో ఒక్కో అంపూల్ రెండు మిల్లీలీటర్లు, అంటే ఒక గ్రాము. మొత్తం 14 అంపూల్స్ విరగ్గొట్టాలి. నరంలోకి ఇచ్చే ఎనిమిది మిల్లీలీటర్లకి పన్నెండు నీళ్లు కలిపి ఇరవై చెయ్యాలి. అక్కడ ఆమెకి అనుమానం వచ్చింది. లెక్క మళ్లీ వేసింది, మళ్లీ వేసింది. నా క్వార్టర్ వంద అడుగుల దూరం. నిద్ర లేపితే ఏమంటానోనని ఇరవై నిమిషాలు ఆగింది. తల్లీ బిడ్డా దక్కారు. కానీ ఆ ఇరవై నిమిషాలు ఇప్పటికీ నన్ను వదల్లేదు. ఆమెకి తెలియనిది మందు కాదు, నన్ను పిలవొచ్చన్న సంగతి. అది నేను చెప్పి ఉండాల్సింది.

ఈ ఏడు ఇద్దరు పిల్లలకి ఇద్దరు సీనియర్లని జత చేశాం. మూడు నెలలు ఒకే డ్యూటీ, నైట్లు కూడా. మొదట్లో పెద్దామె చేస్తే చిన్నది చూసింది, ఇప్పుడు చిన్నది చేస్తుంటే పెద్దామె గోడకి ఆనుకుని చూస్తోంది. మెగ్నీషియం తర్వాతి మోతాదు ఇచ్చే ముందు మోకాలి జర్కు, గంటకి కనీసం 30 మిల్లీలీటర్ల మూత్రం, నిమిషానికి 16 శ్వాసలు ఉన్నాయో లేవో చూసుకోవడం అలా చేతికి అలవాటయ్యింది. ఇంకో లాభం భాష. మా పిల్లలకి తెలుగు వచ్చు, ఒడియా నెట్టుకొస్తారు, సవర మాట ఒక్కటీ రాదు. ఏ ఆయా నొప్పి సంగతి ఉన్నదున్నట్టు చెబుతుందో, ఏ అత్తగారు కోడలికి మాట్లాడే సందు ఇవ్వదో పక్కనున్న పెద్దామెకే తెలుసు.

జత కట్టడంలో కష్టం సీనియర్‌ది. మంచాలన్నీ ఆమెకే ఉంచి, పైన ఈ పిల్లని అప్పజెబితే ఇద్దరూ మునుగుతారు. మేం ఆమెకి మంచాలు తగ్గించాం. రోస్టర్ వెయ్యడానికి నాకు ప్రాణం మీదకొచ్చింది, అయినా వేశాను. రెండో చిక్కు ఇంకా పెద్దది: సీనియర్ చెడ్డ అలవాటు కూడా జూనియర్‌కి అంటుతుంది. కాన్పు తొందరగా అవ్వాలని పొట్ట మీద నొక్కడం, బిడ్డ బయటికి రాకముందే గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్ సూది వేసెయ్యడం. అందుకే వారానికో కాన్పు నేనే పక్కన నిలబడి చూస్తున్నాను.

ఫోన్లో వీడియో క్లాసులు మోతాదులు నెమరు వేసుకోవడానికి సరిపోతాయి, సిగ్నల్ ఉన్నంతసేపు. బీహార్‌లో, ఉత్తర కర్ణాటకలో చేసినట్టు మెంటర్ నర్సు ఆసుపత్రులకి తిరిగి నేర్పే పద్ధతి మంచిదే. అలాంటి మనిషి దొరికితే వదులుకోకండి.

మొన్న గుణుపురం సిస్టరమ్మ అడిగితే, ముందు మూడు నెలలు జత, ఆ తర్వాత రెండు వారాలు బరంపురం అని చెప్పాను. తర్వాతే ఎందుకంటే, అప్పటికి ఏం చూడాలో పిల్లకి తెలుస్తుంది. మా ఇద్దరిలో ఒకమ్మాయి అలాగే వెళ్లొచ్చింది. వచ్చిన రోజే ఒక ప్లాస్టిక్ డబ్బా అడిగి తీసుకుని, అందులో 14 అంపూల్స్ లెక్కపెట్టి పెట్టింది. వాటి పక్కన డిస్టిల్డ్ వాటర్, ఇరవై మిల్లీ సిరంజి ఒకటి, పది మిల్లీవి రెండు, మెగ్నీషియం ఎక్కువైతే విరుగుడుగా ఒక కాల్షియం గ్లూకోనేట్. మూత మీద తెలుగులో, ఒడియాలో కలిపే లెక్క రాసి, కింద నా ఫోన్ నంబరు రాసింది.