పోరాటమా, సంధా? 713లో విసిగోతుల ముందున్న రెండు దారులు

711లో దండెత్తి వచ్చిన అరబ్బుల సేన చేతిలో రాజు రోడెరిక్ ఓడిపోవడంతో, స్పెయిన్‌ను ఏలుతున్న జర్మానిక్ తెగ విసిగోతుల రాజ్యం కుప్పకూలింది. ఇక ఏ ఊరికి ఆ ఊరే తేల్చుకోవాల్సి వచ్చింది. మెరిదా నగరం పోరాడింది. ఆగ్నేయాన థియోడెమిర్ అనే విసిగోతు ప్రభువు అరబ్బులతో సంధి చేసుకున్నాడు.

ఖర్చు: మెరిదాకు నెలల తరబడి ముట్టడి, చివరికి లొంగుబాటు, చర్చి ఆస్తుల నష్టం. సంధిలో తలకు ఏటా ఒక దీనారు, గోధుమలు, బార్లీ, వెనిగర్, తేనె, నూనె. బానిసకైతే అందులో సగం.

రిస్క్: మెరిదాకు గోడలున్నాయి, సాయానికి వచ్చే రాజే లేడు. థియోడెమిర్‌కు ఏడు పట్టణాలు, చర్చిలు, ప్రాణాలు దక్కాయి. కానీ పారిపోయి వచ్చినవాళ్లకు ఆశ్రయం ఇవ్వకూడదు. తలుపు తట్టినవాడు సొంత మనిషైనా సరే! నన్ను ఎక్కువ బాధపెట్టే షరతు ఇదే.

ఎవరికి ఏది: మైదానంలో, ఒంటరిగా ఉంటే సంధే మేలు. వెనక ఉత్తర స్పెయిన్‌లోని అస్టూరియస్ లాంటి కొండలుంటే, తర్వాత అక్కడ అరబ్బుల మీద తిరగబడిన నాయకుడు పెలాయోలా ఎదురు తిరగొచ్చు.