గుండె సిగ్నల్ ప్రాజెక్టుకి ఈసీజీనా, పీపీజీనా: ఏది మేలు?

వేరబుల్ (ఒంటి మీద పెట్టుకునే పరికరం) ప్రాజెక్టు అనగానే మనలో చాలామందిమి ముందు గుండె దగ్గరికే వెళ్తాం. అక్కడ రెండు దారులున్నాయి. చర్మానికి ఎలక్ట్రోడ్లు అంటించి గుండె విద్యుత్తుని నేరుగా పట్టేది ఈసీజీ, వేలి మీదో మణికట్టు మీదో ఎల్‌ఈడీ వెలుగు వేసి రక్తం వచ్చిపోయేకొద్దీ తిరిగొచ్చే వెలుగు ఎలా మారుతోందో చూసేది పీపీజీ. నేను రెండూ కట్టి చూశాను. సర్క్యూట్లు నేర్చుకోవాలంటే ఈసీజీయే మేలు, రోజంతా ఒంటి మీద ఉండాల్సిన పరికరమైతే పీపీజీ.

ఈసీజీలో చర్మం దగ్గర దొరికేది సుమారు 1 మిల్లీవోల్ట్. దానితో పాటే ఎలక్ట్రోడ్ వల్ల వచ్చే డీసీ ఆఫ్‌సెట్ (మారకుండా నిలిచి ఉండే అదనపు వోల్టేజీ) వందల మిల్లీవోల్ట్‌ల దాకా ఉండొచ్చు, పైగా గోడలోని కరెంటు తీగల నుంచి 50 లేదా 60 హెర్ట్జ్ హమ్ (సిగ్నల్‌లో కలిసే కరెంటు గోల) ఒకటి. తొందరపడి మొదటి దశలోనే గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచాలన్నది) పెంచేస్తే యాంప్లిఫయర్ సాచురేట్ అయిపోయి, అంటే ఇక పైకి వెళ్లలేక, గీత పై అంచుకి అతుక్కుపోతుంది. నా మొదటి బోర్డులో జరిగింది అదే. అది సరిచేశాక స్క్రీన్ మీద హమ్ గీసిన లావుపాటి పట్టీ తప్ప ఏమీ కనపడలేదు. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేసి, రెండు ఎలక్ట్రోడ్ తీగల్నీ జడలా మెలేశాక ఆ పట్టీ సన్నబడి, మధ్యలోంచి ఆర్ శిఖరం (ఒక్కో గుండె చప్పుడుకి ఈసీజీలో వచ్చే ఎత్తైన మొన) నిటారుగా లేచింది. అసలు చార్జర్ పెట్టి ఉంచడమే నా తప్పు: ఎలక్ట్రోడ్లు ఒంటి మీద ఉన్నంతసేపు అంతా బ్యాటరీ మీదే నడవాలి, అది హమ్ కోసం కాదు, ప్రాణం కోసం.

ఈసీజీ సర్క్యూట్లలో కుడికాలు డ్రైవ్ అనే భాగం ఎందుకుంటుందో నాకు పుస్తకంలో కన్నా ఆ రోజే బాగా అర్థమైంది. రెండు ఎలక్ట్రోడ్లకీ ఉమ్మడిగా వచ్చే హమ్‌ని తిరగేసి మూడో ఎలక్ట్రోడ్‌తో ఒంట్లోకి పంపితే అది చాలావరకు అణిగిపోతుంది. ఏడీ8232 లాంటి ఈసీజీ చిప్‌లో ఇదంతా రెడీగా ఉంటుంది, కానీ ఒక్కసారైనా విడి ఆప్‌ఆంప్‌లతో (సిగ్నల్‌ని పెంచే చిన్న చిప్‌లతో) కట్టి చూడండి.

పీపీజీ మొదలుపెట్టడం మాత్రం చాలా సులువు. మ్యాక్స్30102 అనే పీపీజీ చిప్‌లో ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు, వెలుగుని పట్టే ఫోటోడయోడ్, సిగ్నల్‌ని అంకెలుగా మార్చే 18 బిట్ల ఏడీసీ అన్నీ లోపలే ఉంటాయి, మైక్రోకంట్రోలర్‌తో మాట్లాడే ఐ2సీ తీగలు కలిపితే చాలు. తిప్పలన్నీ తర్వాతే. వేలు గట్టిగా నొక్కితే రక్తం పక్కకి పోయి అల చదునైపోతుంది, వదులుగా పెడితే బయటి వెలుగు దూరుతుంది. మణికట్టు మీద ఇంకా కష్టం: సెకనుకి రెండు అడుగుల చొప్పున నడుస్తుంటే ఆ ఊపు 2 హెర్ట్జ్, అంటే నిమిషానికి 120, అచ్చం గుండె వేగంలాగే కనిపిస్తుంది. కదలికని కొలిచే యాక్సిలరోమీటర్ లేకుండా ఈ రెండిటినీ విడదీయడం దాదాపు అసాధ్యం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా వెలుగుని మింగుతుంది కాబట్టి ఒక్క మీ చేతి మీదే పరీక్షించి బాగా పనిచేస్తోందని రాసేయకండి, రకరకాల చర్మపు రంగుల వాళ్ల మీద చూడండి.

కరెంటు ఖర్చులో ఈసీజీయే పొదుపు. ఏడీ8232కి మామూలుగా 170 మైక్రోయాంప్‌లు సరిపోతాయి, పీపీజీలో ఎల్‌ఈడీ వెలిగిన ప్రతిసారీ మిల్లీయాంప్‌లు పోతాయి. అయినా రోజంతా వాడకానికి నేను పీపీజీనే ఎందుకంటున్నానంటే, జెల్ ఎలక్ట్రోడ్ గంటలు గడిచేకొద్దీ ఎండిపోతుంది, దురద పెడుతుంది, దాంతో మనిషి పీకేస్తాడు.

మీ ప్రశ్న గుండె లయ గురించి అయితే ఇంకో ఆలోచన అక్కర్లేదు, ఈసీజీయే. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో (గుండె పై గదులు లయ తప్పి అదిరే జబ్బు) పీ తరంగం, అంటే ఆర్ శిఖరానికి ముందు వచ్చే చిన్న అల, లేకపోవడం అందులోనే కనిపిస్తుంది, పీపీజీ చెప్పగలిగేది కొట్టుకోవడం క్రమం తప్పిందని మాత్రమే.

టైముంటే రెండూ ఒకే బోర్డు మీద పెట్టండి. ఆర్ శిఖరానికీ వేలి దగ్గర అల మొదలవడానికీ మధ్య ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో కొలవచ్చు. కాకపోతే రెండు సిగ్నళ్లనీ ఒకే క్లాక్‌తో శాంపిల్ చేయండి, లేకపోతే కనిపించే ఆలస్యం రక్తనాళాలదో మీ కోడ్‌దో తేల్చలేరు.