అద్దె ఇంటి గోడ కోసం పెడన, కొండపల్లి: ఖర్చు 1,540, లాడ్జి మాత్రం వద్దు

మా హాల్లో పన్నెండు అడుగుల గోడ బోసిగా ఉంటుంది, కొత్తగా మేకు కొడితే ఓనరు ఒప్పుకోడు. ఫ్రేము కట్టిన బొమ్మలు చూస్తే ఒక్కొక్కటి నాలుగు వేలు చెప్పారు. "పెడన వెళ్లి కలంకారీ గుడ్డ తెచ్చుకుందాం అమ్మాయ్" అన్నారు అత్తయ్య. మా ఆయన రెండు రోజులు సెలవు పెట్టారు, హైదరాబాద్‌లో పొద్దున్నే బస్సెక్కి మధ్యాహ్నానికి బెజవాడలో దిగాం.

లాడ్జి నేనే బుక్ చేశాను, ఏసీ గది, ఒక రాత్రికి 1,800. ఫొటోలో మంచం వెనక ఇటుకల డిజైను వాల్‌పేపరు చాలా బాగుంది, మన గోడకీ అలాంటిది పనికొస్తుందేమో దగ్గరగా చూద్దామని కావాలనే అది ఎంచుకున్నాను. తలుపు తీయగానే ముక్కిపోయిన వాసన. ఒక మూల అంచు లేచి ఉంటే అత్తయ్య వేలితో నొక్కారు, అంతే, జానెడు ఊడి చేతిలోకొచ్చింది, వెనక గోడంతా నల్లటి బూజు. అవతల బాత్‌రూం ఉంది, ఆ తేమంతా ఈ గోడకే పడుతోంది. కౌంటర్లో చెబితే "మీరే చింపారు, 500 కట్టండి" అన్నాడు! ఎప్పుడూ గొంతు పెంచని మా ఆయన ఆ రోజు పెంచారు. అరగంట వాదించాక 500 వదిలేశారు కానీ గది మార్చలేదు, డబ్బూ వెనక్కివ్వలేదు. అత్తయ్యకి ఉబ్బసం. రాత్రి చాలాసేపు వరండాలో కుర్చీలోనే కూర్చున్నారు, ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

మీరు వాల్‌పేపరు గానీ స్టిక్కరు గానీ వేయాలనుకుంటే ముందు గోడ మీద చిన్న పాలిథిన్ ముక్క పెట్టి నాలుగు వైపులా టేపు అంటించి ఒక రోజు వదిలేయండి. లోపల చెమ్మ పడితే ఆ గోడకి ఏదీ అంటించొద్దు.

మర్నాడు బందరు వైపు బస్సెక్కి పెడనలో దిగాం. అక్కడ అద్దకం పనివాళ్ల షెడ్లలో గడిపిన మూడు గంటలకే ఈ ప్రయాణం సార్థకమైంది. గుడ్డని కరక్కాయ, గేదె పాలలో తడిపి ఆరబెడతారట, రంగు పాకకుండా. నలుపు కోసం తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి నీళ్లలో నానబెడతారు. టేకు చెక్క అచ్చుని రంగులో ముంచి గుడ్డ మీద పెట్టి అరచేత్తో ఒక్క దెబ్బ వేస్తారు, ఎక్కడా కొలబద్ద లేకుండా వరస కుదురుతుంది. ముందురోజు బెజవాడ దుకాణంలో మీటరు 420 చెప్పిన గుడ్డ అసలు కలంకారీ కాదని అక్కడే అర్థమైంది. తిప్పి చూస్తే దానికి వెనక రంగే లేదు. చేతి అద్దకం వెనక్కి కూడా దిగుతుంది, అచ్చులు కలిసే చోట సన్నగా తేడా కనిపిస్తుంది.

మీటరు 190 చొప్పున మూడు మీటర్లు, 570. అరిగిపోయి పక్కన పడేసిన పాత అచ్చులు అడిగితే ఒక్కోటి 250కి ఇచ్చారు, రెండు తీసుకున్నాం. కత్తిరింపు ముక్కల మూట 120. మా ఆయన మొదట "చెక్క ముక్కకి అంత ఎందుకు" అన్నారు గానీ బస్సులో అవి ఒళ్లోంచి దించలేదు.

తిరిగొస్తూ కొండపల్లిలో ఆగి పొణికి చెక్క బొమ్మల జత 350కి కొన్నాం. అంతా కలిపి 1,540, ఆ లాడ్జి గది కన్నా తక్కువ.

గుడ్డ పై అంచు మడిచి కుట్టి అందులో వెదురు కర్ర దూర్చి, ఇదివరకు ఉన్నవాళ్లు వదిలేసిన రెండు మేకులకి అడ్డంగా వేలాడదీశాం. ముక్కల్ని అత్తయ్య ఎంబ్రాయిడరీ రింగుల్లో బిగించారు, అవి తేలిక కాబట్టి అంటించే హుక్కులకి ఆగుతాయి. అచ్చులు బరువు, వాటిని అలా వేలాడదీయకండి, బొమ్మల పక్కన అరలో నిలబెట్టండి. గుడ్డకి ఎండ తగలనివ్వొద్దు, మొదటిసారి చన్నీళ్లలో విడిగా ఉతకండి.