పాలో ఆల్టో విమానాశ్రయం: ఊరి సొత్తుగా ఉన్న రన్‌వే

విజయనగరం నుంచి ఏటా ఎందరో తల్లిదండ్రులు కాలిఫోర్నియాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లి, గోల్డెన్ గేట్ వంతెన, పెద్ద పెద్ద దుకాణాలు చూసి వస్తుంటారు. వారందరికీ నేను గట్టిగా చెప్పే చోటు, అక్కడి శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం ఒడ్డునున్న పాలో ఆల్టో అనే ఊరి విమానాశ్రయం. మా అమ్మాయి ఇంటికి దగ్గరే కావడంతో, పోయిన వేసవిలో మనవణ్ణి వెంటబెట్టుకొని చాలాసార్లు వెళ్లాను.

అక్కడ టికెట్ కొని ఎక్కే పెద్ద విమానాలేవీ ఉండవు. సొంత విమానాలున్నవారు, నడపడం నేర్చుకునేవారు దాన్ని వాడుకుంటారు. రన్‌వే పొడవు 2,443 అడుగులు, అంటే మన భోగాపురంలో వేసిన 3,800 మీటర్ల రన్‌వేలో దాదాపు ఐదోవంతు. 1967 నుంచి కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్రభుత్వం కౌలుకు తీసుకొని నడిపిన ఈ విమానాశ్రయాన్ని 2014 ఆగస్టులో నగర పాలక సంస్థ తిరిగి తన చేతిలోకి తెచ్చుకుంది. మన మున్సిపాలిటీకి మార్కెట్ ఉన్నట్టు ఆ ఊరికి విమానాశ్రయం ఉందన్నమాట.

దాన్ని చూడవలసింది లోపలి నుంచి కాదు, పక్కనే ఉన్న బేల్యాండ్స్ చిత్తడినేలల గట్టు మీద నుంచి. పెద్ద చెరువు గట్టు మీద నడిచిన మనకు ఆ నడక కొత్తగా అనిపించదు. ఒకవైపు నీళ్లు, బాతులు, కొంగలు, మరోవైపు నాలుగు సీట్ల సెస్నా 172 విమానాలు. శిక్షణలో ఉన్నవారు చక్రాలు నేలకు తాకీ తాకగానే మళ్లీ పైకి లేచి, చుట్టు తిరిగి వస్తారు. ఒకే విమానం ఏడుసార్లు రావడం మావాడు లెక్కపెట్టాడు. రన్‌వే మీద 31 అని ఎందుకు రాశారని వాడు అడిగితే, అది 310 డిగ్రీల (వాయవ్య) దిక్కును సూచిస్తుందనీ, ఆ వైపు నుంచే తరచుగా గాలి వీస్తుందనీ చెప్పాను. గాలిలో 65 నాట్ల (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) వేగంతో దిగే విమానానికి 15 నాట్ల ఎదురుగాలి తగిలితే నేల మీద దాని వేగం 50 నాట్లే కాబట్టి, అంత చిన్న రన్‌వే కూడా సరిపోతుంది. ముప్పై ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పిన నాకు ఇంతకన్నా మంచి తరగతి గది ఎన్నడూ దొరకలేదు.

లోపమూ చెప్పాలి. విమానాశ్రయం పాలో ఆల్టోదే అయినా, దాని చప్పుడు పక్కనున్న ఈస్ట్ పాలో ఆల్టో వాసుల మీద కూడా పడుతుంది. పైకి లేవగానే కుడివైపుకు, అఖాతం మీదికి మళ్లమని పైలట్లకు సూచనలున్నాయి గాని, వాటితో ఆ బాధ పూర్తిగా తీరదు. అంతకన్నా పెద్ద విషయం ఇంధనం. మన బంకుల్లో 2000 నుంచే లేని సీసపు పెట్రోలును ఇలాంటి పిస్టన్ ఇంజిన్ చిన్న విమానాలు ఇంకా వాడుతున్నాయి. కాలిఫోర్నియాలో దాని అమ్మకం 2031 నుంచి చట్టరీత్యా ఆగిపోతుంది. పిల్లల ఊపిరికి సంబంధించిన విషయంలో అంత గడువు ఇవ్వడం నాకు సమ్మతం కాదు.

వేసవి ఉదయాల్లో సముద్రం మీది మబ్బు కిందికి దిగి ఉంటుంది కాబట్టి పది దాటాక బయలుదేరండి. గట్టు మీద నడవడానికి రుసుము లేదు. మధ్యాహ్నమయ్యేసరికి చలిగాలి బలపడుతుంది; స్వెటర్ తప్పనిసరిగా తీసుకెళ్లండి.